చీమ కుట్టినట్టు ఉంటుందని పిల్లలకు చెప్పకండి

ప్రశ్న: ఎమర్జెన్సీలో పిల్లలకు సూది వేసేటప్పుడు తల్లి పక్కన ఉండాలా, బయట ఉంటేనే నయమా?

పక్కనే ఉండాలి. ఇందులో నాకు అనుమానమే లేదు. ఒకే రాత్రి రెండు ఆసుపత్రుల్లో రెండు రకాలుగానూ చూసిన తల్లిని నేను.

మాది పరకాల దగ్గర పల్లె. ఐదేళ్ళ కిందట, ఉగాది దాటిన వారం, మా బాబు బంతి కోసం గోడ పక్కన పేర్చిన పత్తి కట్టెల మీదికి చెప్పుల్లేకుండా ఎక్కాడు. కాలి బొటనవేలికి ఎర్ర తేలు కుట్టింది. అప్పుడు వాడికి ఐదేళ్ళు. మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన మంత్రం వేస్తానని కూర్చోబెడితే అరగంట అందులోనే పోయింది. ఆ అరగంట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. వాడికి ఒళ్ళంతా చెమటలు, రెండు వాంతులు, కాళ్ళు చేతులు చల్లబడిపోయాయి.

దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి ఉరికాం. "నువ్వు ఏడిస్తే వాడు ఇంకా ఏడుస్తడు, బయటికి పో" అని నన్ను పంపి తలుపు వేశారు. నలుగురు కలిసి పట్టుకున్నారు. "సూది కాదురా, చీమ కుట్టినట్టు ఉంటది అంతే" అన్న మాట తలుపు ఇవతలికి వినబడింది. మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. అంత చల్లబడ్డ చేతిలో నరం దొరకడం కష్టమే, అందుకు నాకు కోపం లేదు. తేలు కుట్టి అల్లాడుతున్న పిల్లాడికి చీమ అని చెప్పారు చూడండి, అందుకు కోపం. బీపీ చూడటానికి పిల్లల పట్టీ కూడా లేదు. పెద్దల పట్టీ చిన్న చేతికి చుడితే ఉన్న బీపీ కంటే తక్కువ చూపిస్తుంది. చివరికి వరంగల్ తీసుకుపొమ్మన్నారు.

108లో హనుమకొండ చేరేసరికి, తెల్ల బట్టల్లో ఎవరు కనబడ్డా వాడు కేకలు పెడుతున్నాడు.

అక్కడి సిస్టర్‌కు నలభై ఏళ్ళుంటాయి. వస్తూనే సూది తీయలేదు. మంచం పక్కన వంగి వాడి పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. ఎంత చల్లబడ్డాయో చూస్తోందని నాకు తర్వాత తెలిసింది. వాడికి మాత్రం ఎవరో కాళ్ళు నిమిరినట్టే ఉండి ఉంటుంది, అరుపు కొంచెం తగ్గింది.

"బిడ్డా, ఇప్పుడు సూది పెడుత. నొప్పి అయితది. నువ్వు పది లెక్కపెట్టేలోపు అయిపోతది. ఏడుపొస్తే ఏడువు, నేనేమీ అనను. చెయ్యి ఒక్కటి కదపకు. ఏ చెయ్యి ఇస్తవు?"

వాడు ఎడమ చెయ్యి చాపాడు. కుడి చేత్తో బొమ్మలు గీసుకుంటాడట. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, వాడిని నా ఒళ్ళో ఛాతీకి ఆనించి, కుడి చెయ్యి నా చంక కింద నుంచి వెనక్కి పెట్టించింది. నేను వాటేసుకున్నట్టే ఉంది, వాడు కదలకుండా పట్టుకున్నట్టూ ఉంది. నలుగురు మనుషులు చేయలేనిది ఆ పట్టుతో అయింది. నాలుగు దగ్గర గట్టిగా ఏడ్చాడు, తొమ్మిది దగ్గర ప్లాస్టర్ పడింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

ఆ తర్వాత తెల్లారేదాకా ఆమె ఏం చెప్పినా నమ్మాడు. బీపీ పట్టీ చుట్టేముందు "ఇది గట్టిగ పట్టుకుంటది, మల్ల ఇడుస్తది" అని చెప్పింది. మూడోసారికి వాడే ఆ పట్టీని "ఇడువు, ఇడువు" అంటున్నాడు.

ఆ రాత్రి ఇచ్చిన మాత్ర పేరు ప్రాజోసిన్. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలుకాటుకు ఈ మందు వాడి ఎంతోమందిని బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని చదివినప్పుడు మా ఇంట్లో మనిషికి వచ్చినంత సంతోషమైంది. ఆ మాత్ర మింగాక పిల్లాడిని పడుకోబెట్టే ఉంచాలి, లేపి నిలబెడితే బీపీ పడిపోవచ్చు. వాడు బాత్రూం అంటే నేను ఎత్తుకోబోయాను. సిస్టర్ ఆపి, ఎందుకో చెప్పి, తనే గిన్నె తెచ్చి పెట్టింది. మూడు గంటలకోసారి మాత్ర వేస్తూ పాదాలు పట్టుకొని చూసేది. తెల్లవారుజామున వెచ్చబడ్డాయి.

అదే సమయంలో పక్క మంచం చుట్టూ పదిమంది బంధువులు, ఒకరు వీడియో కాల్, ఒకరు "డాక్టర్ ఏడీ" అని ఈమె మీదే కేకలు. అంతమందిని తోసుకుంటూ తిరిగే మనిషికి మన పిల్లాడితో రెండు మాటలు మాట్లాడే తీరిక ఎక్కడిది? ఇంట్లో మనం చేసేదీ తక్కువేం కాదు. అన్నం తినకపోతే "సిస్టరమ్మతో సూది ఇప్పిస్తా" అంటాం. అలా పెంచిన భయాన్ని ఆ నర్సు అర్ధరాత్రి, ప్రాణం మీదికి వచ్చిన వేళ పోగొట్టాలి.

మిమ్మల్ని బయటికి పొమ్మంటే గొడవ పడకండి. "నేను ఏడవను, ఒళ్ళో పెట్టుకొని పట్టుకుంటా, ఎట్ల పట్టుకోవాలో చెప్పండి సిస్టర్" అని అడగండి. నిలబడలేనంత టెన్షన్ ఉంటే నాన్ననో నాయనమ్మనో ఉంచండి. పిల్లాడికి తెలిసిన ముఖం ఒకటి కనబడాలి.

మొన్న బడిలో మా వాడికి పదేళ్ళ పిల్లలకు వేసే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) టీకా వేశారు. పొద్దున నన్నడిగాడు, నొప్పి అయితదా అని. అయితది అన్నాను. సాయంత్రం వచ్చి, ఆరు దగ్గరే అయిపోయిందమ్మా అన్నాడు.