తమ్ముణ్ని లేపలేదన్న బాధ ముప్పై ఏళ్లుగా

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. చిన్నప్పుడు నాన్న పని మీద మహారాష్ట్రలోని కిల్లారి దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. 1993 భూకంపంలో మా తమ్ముడు పోయాడు. వాడు నా పక్కనే పడుకున్నాడు. నేను వాణ్ని లేపకుండా బయటికి పరిగెత్తాను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. 2024 డిసెంబరు 4న పొద్దున్నే ఇక్కడ ఇల్లు ఊగినప్పటి నుంచి సరిగ్గా నిద్ర లేదు. రాత్రిళ్లు తలుపుకు గడియ పెట్టనివ్వను. నిమజ్జనం డప్పులు వింటే చేతులు వణుకుతాయి. ‘హైదరాబాద్‌కి భూకంపాలు రావు, ఎందుకంత టెన్షన్’ అంటారు మావారు. అమ్మ మాతోనే ఉంటుంది, కానీ తమ్ముడి మాట ఇద్దరం ఎత్తం.

జవాబు: డప్పులు వింటే ఎందుకు వణుకుతారో మీవారికి తెలియకపోవచ్చు. ఆ ఏడాది నిమజ్జనం చేసి, అలసిపోయి జనం నిద్రపోయాక, సెప్టెంబరు 30 తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా భూమి కంపించింది. ఆయనకు ఈ సంగతి చెప్పండి.

‘ఇక్కడ రావు’ అనే మాట మీకు ధైర్యం ఇవ్వదు. అప్పటి భూకంప మ్యాపుల్లో కిల్లారి కూడా అతి తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లోనే ఉండేది మరి. అక్కడ ఎక్కువ ప్రాణాలు తీసింది రాయి, మట్టితో కట్టిన మందపాటి గోడలు, పైనున్న బరువైన మట్టి మిద్దెలు. మీ బిల్డింగ్ కట్టిన తీరు వేరు. అయినా మీ మనసు కుదుటపడాలంటే ఒకసారి స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించమని అసోసియేషన్ వాళ్లను అడగండి.

ఇక తమ్ముడి సంగతి. అలాంటి ఇల్లు కూలడానికి కొన్ని సెకన్లు చాలు. చీకట్లో, నిద్రమత్తులో ఉన్న పిల్లకు ఆలోచించే వ్యవధి ఎక్కడిది? ప్రాణభయంలో మనసు కన్నా ముందు కాళ్లు కదులుతాయి. ఆ రాత్రి దాదాపు పదివేల మంది పోయారు. పక్కనే పడుకున్న బిడ్డల్ని కన్నతల్లులే కాపాడుకోలేకపోయారు. ఆ ఎనిమిదేళ్ల పిల్ల తప్పు చేయలేదమ్మా. ఇన్నేళ్లూ ఆమెకు ఈ మాట ఎవరూ చెప్పలేదు, నాకు బాధనిపించింది అదే.

మీ అమ్మగారిని గమనించండి. ఇలాంటి కుటుంబాల్లో ఎవరికి వారు తప్పు తమదే అనుకోవడం తరచుగా చూస్తుంటాం. బహుశా ఆమె కూడా ‘వాణ్ని నా దగ్గర పడుకోబెట్టుకుని ఉంటే’ అనుకుంటూ, మీరు బాధపడతారని నోరు విప్పడం లేదేమో. అయితే ఆ రాత్రి గురించి మొదలుపెట్టకండి. వాడికి ఏ కూర ఇష్టమో, ఎలా అల్లరి చేసేవాడో అడగండి. ఆమె ఏడిస్తే మాట మార్చకుండా పక్కన కూర్చోండి. మీ కన్నీళ్లనూ దాచుకోవద్దు. ఒకవేళ ఆమె వద్దంటే మాత్రం బలవంతపెట్టకండి.

ఇన్నాళ్లుగా నిద్ర లేకపోవడం, వణుకు ఓర్చుకోవాల్సినవి కావు. ఇది పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదం తర్వాత మనసులో మిగిలిపోయే భయం వల్ల వచ్చే జబ్బు) అవునో కాదో ఉత్తరం చూసి చెప్పలేను, డాక్టరు చూసి చెప్పాలి. ఎన్నేళ్ల నాటి గాయానికైనా మాటలతో చేసే చికిత్సలున్నాయి, అవి చాలామందికి బాగా పనిచేస్తాయి. ట్రామా (ఇలాంటి మానసిక గాయాల) చికిత్సలో అనుభవం ఉన్న సైకాలజిస్టును కలవండి, లేదా ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఓపీకి వెళ్లండి. అర్ధరాత్రి భయం వేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటిసారి డాక్టరు దగ్గరికి మీవారిని కూడా తీసుకెళ్లండి.