మొదటి ఎండాకాలం ముందు మేనల్లుడికి

అల్లుడూ,

అమ్రాబాద్ టైగర్ రిజర్వులో నీకు బీటు, అంటే కాపలాకు ఒక అడవి ముక్క, ఇచ్చారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆమెకు పులి గురించి టెన్షన్. పులి కనపడితే నీ అదృష్టం అనుకో, దాని దారిన అది పోతుంది. నా టెన్షన్ అంతా ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా మంటల గురించే. 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, ఎక్కువ భాగం ఆకు రాల్చే రకం. టేకు, నల్లమద్ది, చిరుమాను ఆకులు రాలి శివరాత్రి దాటేసరికి ఎక్కడ అడుగేసినా అప్పడాల మీద నడిచినట్టు ఉంటుంది.

ముందు ఒకటి తెలుసుకో. నల్లమలలో మెరుపు పడి అంటుకోవడం చాలా అరుదు. ఎవరో ఒకరు కావాలనో, చూసుకోకో అంటిస్తేనే అంటుకుంటుంది. పశువుల వాళ్ళు కొత్త గడ్డి వస్తుందని, తునికాకు కోసేవాళ్ళు లేత చిగురు వస్తుందని అంటిస్తారు, తేనె తీసేవాళ్ళ దివిటీ జారిపోతుంది, హైవే మీద కారులో పోయేవాడు సిగరెట్ విసిరేస్తాడు. వీళ్ళలో ఎవరు ఏ నెలలో ఎక్కడ తిరుగుతారో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, అది ఆఫీసులో మ్యాపు చూస్తే తెలియదు, పెంటల్లో, అంటే అడవి లోపలి చెంచు గూడేల్లో, కూర్చుని కల్లో చాయో తాగుతూ వింటేనే తెలుస్తుంది. (నువ్వు చాయే తాగు.)

ఇప్పపువ్వు సంగతి చెప్తా, నా సర్వీసులో ఎక్కువ మంటలు దాని దగ్గరే చూశాను. మార్చి, ఏప్రిల్‌లో పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకు మందంగా ఉంటే చిన్న పువ్వు కనపడదు, అందుకని ఏరుకునేవాళ్ళు ముందు రోజు సాయంత్రం చెట్టు కింద ఆకు కాల్చి ఇంటికి పోతారు. వాళ్ళు పోయాక గాలి లేస్తుంది. దీనికి కేసులు రాసి లాభం లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో 30వ సెక్షన్ ఉంది, అభయారణ్యానికి ప్రమాదం తెచ్చేలా నిప్పు పెట్టడం నేరమే, అవసరమైతే వాడాల్సిందే. కానీ ఇప్పచెట్టు కింద ముసలమ్మ మీద వాడావంటే రేపు కొండ అవతల పొగ లేచినా నీకు ఎవరూ కబురు చెప్పరు. పువ్వు రాలడానికి వారం ముందే వెళ్ళు, చీపురు పట్టుకుని వాళ్ళతో కలిసి చెట్టు చుట్టూ నేల కనపడేలా ఊడ్చు, పాత చీరలు పరుచుకోమను. ఊడ్చిన నేల మీద పువ్వుకు మసి అంటదు, ఆ మాట చెబితే వాళ్ళే వింటారు.

ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఎండుటాకు ముందే కాల్చి ఖాళీ చేసే పట్టీలు, జనవరిలోనే తేల్చెయ్యాలి. లైను కాల్చేటప్పుడు రెండు పక్కలా ముందే ఊడ్చి, మంచు ఆరకముందు మొదలుపెట్టి, ఎండ ముదరకముందు ఆపెయ్యి. నా సర్వీసు నాలుగో ఏట, లెక్క పూర్తి కాలేదని పైనుంచి ఒకటే ఫోన్లు వస్తుంటే, మిట్టమధ్యాహ్నం లైను కాల్చాను. సుడిగాలి ఒకటి వచ్చి నిప్పును అవతల పక్క వేసింది, అర్ధరాత్రి దాకా గుట్ట కాలింది. రిపోర్టులో "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాశాను. ఆ వ్యక్తి ఎవరో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు మీకు ఫోన్‌లోనే అలర్టు వస్తుంది, మా కాలంలో మంచె ఎక్కి చూడటమే. మంచిదే కానీ దాన్ని గుడ్డిగా నమ్మకు. డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే వాళ్ళు పంపే ఆ చుక్క ఉపగ్రహం పైనుంచి పోయినప్పుడు కనపడ్డ వేడి. మెరుగైన సెన్సార్‌కు కూడా ఒక్కో గడి 375 మీటర్లు, అందులో మంట ఏ మూలన ఉందో అది చెప్పదు. నీకు మెసేజ్ వచ్చేసరికి మంట గుట్ట దాటిపోయి ఉండొచ్చు, లేదా ఎవరో చేనులో పత్తికట్టె కాల్చుకుని ఇంటికి పోయి ఉండొచ్చు. చుక్క చూసుకో, తర్వాత దగ్గరి పెంటకు ఫోన్ కొట్టు.

ఇక ఆర్పడం. ఇది జాగ్రత్తగా చదువు. మంట ఎగువకు పరిగెత్తుతుంది, మనిషి ఎగువకు పరిగెత్తలేడు. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణిలో ఎండుగడ్డి వాలు మీద ట్రెక్కింగ్‌కు పోయినవాళ్ళు చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని బిన్సర్‌లో మంట ఆర్పడానికి పోయిన అటవీ సిబ్బందిలో నలుగురు అక్కడికక్కడే పోయారు. కాబట్టి మంటకు పైన ఎప్పుడూ నిలబడకు. కాలిపోయిన నల్లనేల వెనక పెట్టుకుని పక్కల నుంచి కొట్టుకుంటూ రా, గాలి తిరిగితే ఆ నల్లనేల మీదికే పోవాలి. లోపలికి ఎంతమంది పోయారో లెక్కపెట్టు, ఒకడిని ఎత్తు మీద కాపలా ఉంచు. బట్టలు నూలువే వేసుకో, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. చెప్పులతో ఎవడు వచ్చినా వెనక్కి పంపెయ్యి, ఎంత మంచి పనివాడైనా సరే. వెదురు పొద అంటుకుంటే టపాకాయల్లా పేలి నిప్పు ఎగురుతుంది, దూరం నుంచే లైను గీసుకో. ఆకులు ఊదే బ్లోయర్ బాగా పనికొస్తుంది, కానీ నిప్పు మీదికి ఊదావంటే నువ్వే అంటించినట్టు. ఎదురుమంట, అంటే వచ్చే మంటకు ఎదురుగా మనమే నిప్పు పెట్టడం, సీనియర్ లేకుండా అస్సలు వద్దు.

మంట ఆరింది అని ఇంటికి పోకు. ఎండు మొద్దులు రెండు మూడు రోజులు లోపల్లోపల రగులుతుంటాయి, వాలు మీద మొద్దయితే కాలి విరిగి కిందికి దొర్లి మళ్ళీ అంటిస్తుంది. మొద్దుకు అరచేయి వెనక పక్క దగ్గర పెట్టి వేడి చూడు, మట్టి కప్పు, మరుసటి రోజు మధ్యాహ్నం మళ్ళీ పోయి చూడు. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. నేను కూడా బద్ధకించాను.

నల్లమల లోపల శివుడి సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి, అంటే సరిగ్గా అడవి బాగా ఎండినప్పుడు. వేలమంది వస్తారు, మొక్కున్నవాడిని ఆపలేం. మైకులో అరిచే బదులు, దారి మొదట్లోనే అగ్గిపెట్టెలు, బీడీలు తీసి పక్కన పెట్టించి వెనక్కి వచ్చేటప్పుడు ఇచ్చెయ్యి. కర్పూరం గుడి దగ్గరే వెలిగించమను. "స్వామి చోటికి నిప్పు తెస్తారా" అని పెంట పెద్దమనిషి ఒక్క మాట అంటే, నీ యూనిఫాం పది మాటలు అన్నదానికంటే ఎక్కువ పనిచేస్తుంది, ఆయన్ను పక్కన నిలబెట్టుకో.

నా దగ్గర తోలు బూట్లు ఒక జత ఉన్నాయి, అడుగు భాగం మందంగా ఉంటుంది, ఇంకా రెండేళ్ళు వస్తాయి. నీ కాలు ఎనిమిదో నంబరేనా? చెబితే రేపటి అచ్చంపేట బస్సులో పంపిస్తా.

మీ మామ