నా మగ్గం డిజైన్ దించేశారు, హక్కు నాదేనా?

ప్రశ్న: నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేయిస్తాను. డిజైన్లు నేనే గీస్తాను, కుట్టడానికి ఇద్దరు వర్కర్లున్నారు. బ్లౌజు వీపు మీద గోదావరి, తెరచాప పడవ, వెనక పాపికొండలు వచ్చేలా ఒక డిజైన్ చేసి ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. మా ఊళ్లోనే ఇంకో బొటిక్ వాళ్లు ఆ ఫొటోలే పెట్టుకుని ఆర్డర్లు తీసుకుంటున్నారు. అడిగితే "గోదావరి మీ సొంతమా?" అంటున్నారు. కొత్త డిజైన్ బయటపెట్టాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గోదావరి మీ సొంతం కాదమ్మా, ఆ ఒక్క మాట వరకు వాళ్లన్నది నిజమే. బ్లౌజు మీద పడవ వేయాలన్న ఆలోచన కూడా మీ సొంతం కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. మామిడి పిందెలు, హంసలు, పల్లకీలు అయితే ఎప్పటినుంచో అందరివీ.

కానీ ట్రేసింగ్ పేపర్ మీద మీ చేత్తో గీసిన ఆ పడవ, దాని తెరచాప వంపు, జరీ అలలు నడుము పట్టీ నుంచి చేతుల దాకా పాకే తీరు మీవి. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం ఆ బొమ్మ కళాకృతి. గీసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే కోర్టులో ప్రాథమిక సాక్ష్యంగా పనికొస్తుంది. వాళ్లు సొంతంగా ఇంకో పడవ గీసుకుంటే మీరు ఆపలేరు. మీ గీతనే దించితే ఆపవచ్చు.

ఫొటోల సంగతి వేరే. ఫొటో దానికదే ఒక కృతి, దాని మీద విడిగా కాపీరైట్ ఉంటుంది. మీరే తీసినా, డబ్బిచ్చి ఫొటోగ్రాఫర్‌తో తీయించుకున్నా (వేరే ఒప్పందం లేకపోతే) హక్కు మీదే. నన్నడిగితే మీ కేసులో అన్నిటికన్నా గట్టి పాయింట్ ఇదే. డిజైన్ పోలికల మీద ఎంతైనా వాదించవచ్చు, అదే ఫొటో పెట్టుకున్నవాళ్లకు వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇక చాలామంది బొటిక్ వాళ్లకు తెలియని చిక్కు ఒకటుంది. కాపీరైట్ చట్టం సెక్షన్ 15 ప్రకారం, డిజైన్‌గా రిజిస్టర్ చేయదగినదాన్ని రిజిస్టర్ చేయించకుండా, పారిశ్రామిక పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. ఫ్యాషన్ సంస్థ తహిలియానీ డిజైన్ కేసులో 2008లో ఢిల్లీ హైకోర్టు ఆ సంస్థ ఎంబ్రాయిడరీ డిజైన్లకు రక్షణ ఇచ్చింది, ఎందుకంటే లెక్క యాభై దాటలేదు. దుస్తుల బ్రాండ్ బీబా మీద వచ్చిన కేసులో 2016లో అదే కోర్టు, యాభై దాటి తయారైన దుస్తుల డిజైన్లకు కాపీరైట్ లేదంది. సూదితో చేసే మగ్గం పని పారిశ్రామిక పద్ధతి కాదని మీ లాయరు వాదించవచ్చు. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్ మీద వేయిస్తుంటే మాత్రం ఆ వాదన నిలబడటం కష్టం. కాబట్టి ఏ డిజైన్ ఎన్ని బ్లౌజులకు వేశారో ఆర్డర్ బుక్కులో రాసి పెట్టండి.

మళ్లీ మళ్లీ అమ్ముడుపోతుందనుకున్న కొత్త డిజైన్‌ను డిజైన్ల చట్టం 2000 కింద రిజిస్టర్ చేయించండి. వ్యక్తులకు దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు, ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. రక్షణ పదేళ్లు, తర్వాత ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. ఇక్కడ వరస ముఖ్యం. ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్. బయటపెట్టేసిన డిజైన్ చట్టం దృష్టిలో కొత్తది కాదు, రిజిస్టర్ కాదు. పడవ డిజైన్‌కు ఆ దారి మూసుకుపోయినట్టే, దానికి కాపీరైటే ఆధారం. కొత్తవాటినైనా దరఖాస్తుకు ముందే పోస్టు చేసే తొందర వద్దు. ఇంకో మాట, డిజైన్‌గా రిజిస్టర్ అయ్యాక దాని మీద మామూలు కాపీరైట్ ఉండదు. ప్రతి బ్లౌజుకూ ఈ ఖర్చు అక్కర్లేదు, ఏడాదికి ఒకటో రెండో ఎంచుకోండి.

వర్కర్ల విషయం మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఎప్పుడైనా మీ వర్కరే కొత్త బొమ్మ గీస్తే, నెల జీతం మీద పనిచేసేవాడైతే హక్కు మామూలుగా మీదే. పీసు లెక్కన బయటివాళ్లతో గీయిస్తే హక్కు గీసినవాళ్లదే, దాన్ని మీకు ఇస్తున్నట్టు రాతపూర్వకంగా రాయించుకోవాలి. ఆ కాగితంలో గడువు రాయకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది.

ఇప్పుడు చేయాల్సింది. మొదట వాళ్ల పోస్టుల స్క్రీన్‌షాట్లు తేదీ, లింకు కనపడేలా తీయండి. మీ ఒరిజినల్ ఫొటోలు ఫోన్‌లోంచి తీసేయకండి, సూదితో చిల్లులు పొడిచిన ట్రేసింగ్ పేపర్ పారేయకండి. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది లాయరు చూసుకుంటారు. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లోనే కాపీరైట్ ఫిర్యాదు పెట్టండి. చట్టం కింద రాతపూర్వక ఫిర్యాదుతో పోస్టు తీసేసినా, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే వాళ్లు తిరిగి పెట్టే వీలుంది. అందుకే లాయర్ నోటీసు కూడా అదే వారంలో పంపండి. దావా వేయాల్సివస్తే, వాళ్లెక్కడున్నా, మీరు ఉండే జిల్లా కోర్టులోనే వేయవచ్చు.

ఒక్కటి మాత్రం చేయకండి. "దొంగలు" అంటూ వాళ్ల పేరుతో రీల్ పెట్టారంటే, మీరు పెట్టాల్సిన కేసు పక్కకుపోయి వాళ్లు మీ మీద పరువునష్టం కేసు వేస్తారు.