మందు ట్రయల్‌లో ఉండగా డిప్రెషన్ ముదిరితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మా తమ్ముడికి 34 ఏళ్లు. డిప్రెషన్‌కి కొత్త మందు ట్రయల్ అంటే విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. మూడో వారం నుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోవడం, 'నేను లేకపోతేనే మీకు నయం' అనడం మొదలైంది. ట్రయల్ కోఆర్డినేటర్‌కి వాట్సాప్ చేస్తే 'వచ్చే విజిట్‌లో డాక్టరుగారికి చెప్పండి' అన్నారు. నాలుగో రోజున ప్రాణం తీసుకోబోయాడు. గుంటూరులోనే వేరే ఆసుపత్రిలో 6 రోజులు ఉంచాం, కోలుకున్నాడు. ఖర్చు అడిగితే 'స్కోరు 24 నుంచి 17కి తగ్గింది, మందు పనిచేస్తోంది. జరిగింది జబ్బు వల్ల, మాకు సంబంధం లేదు' అంటున్నారు. ఇది నిజమేనా? ట్రయల్ మానేస్తే హక్కు పోతుందా?

జవాబు: ముందు తమ్ముడి సంగతి. ట్రయల్ నుంచి ఏ రోజైనా, కారణం చెప్పకుండా బయటికి రావచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 99వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. బయటికి వచ్చినంత మాత్రాన ఇప్పటికే జరిగిన హానికి రావాల్సింది పోదు. అయితే మాత్రలు మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. ఉన్నట్టుండి మానితే కళ్లు తిరగడం, తలలో షాక్ కొట్టినట్టు ఉండటం, దిగులు మళ్లీ ఎక్కువవడం జరగవచ్చు. ఎలా ఆపాలో మానసిక వైద్యుడు చెప్పాలి. రాత్రివేళ మళ్లీ అలాంటి మాట వింటే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసు అవుతుందన్న భయం వద్దు. అదే చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

ఇక మీ ప్రశ్న. ట్రయల్‌లో ఉన్న మనిషి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్, 2019 ప్రకారం అది సీరియస్ అడ్వర్స్ ఈవెంట్, అంటే తీవ్రమైన హాని ఘటన. కారణం మందా, జబ్బా అన్నది తర్వాతి మాట. ట్రయల్ డాక్టరు 24 గంటల్లో ఢిల్లీలోని కేంద్ర లైసెన్సింగ్ అధికారికి (డ్రగ్స్ కంట్రోలర్ జనరల్), ట్రయల్ చేయిస్తున్న స్పాన్సర్ కంపెనీకి, ట్రయల్‌లో ఉన్నవారి భద్రత చూసే ఎథిక్స్ కమిటీకి రిపోర్టు చేయాలి. కారణాల విశ్లేషణతో వివరమైన నివేదిక 14 రోజుల్లో వెళ్లాలి. ఎథిక్స్ కమిటీ తన అభిప్రాయం పంపడానికి 30 రోజులు, కేంద్ర అధికారి నిర్ణయానికి 90 రోజులు. ఆర్డరు అందాక స్పాన్సర్ 30 రోజుల్లో డబ్బు కట్టాలి. అంటే 'జబ్బు వల్లే' అని తేల్చే అధికారం ఆసుపత్రి కౌంటరుకి లేదు. మీరు మొదట అడగాల్సింది, ఆ 24 గంటల రిపోర్టు ఏ తేదీన వెళ్లిందని.

స్కోరు వాదన నిశితంగా చూడాలి. డిప్రెషన్ తీవ్రత కొలవడానికి ట్రయల్స్‌లో ఎక్కువగా వాడే హామిల్టన్ స్కేలులో 17 అంశాలుంటాయి, మార్కులు పెరిగితే జబ్బు ఎక్కువని అర్థం. నిద్రకే మూడు, ఒక్కోదానికి 2 చొప్పున 6 మార్కులు. ఆత్మహత్య ఆలోచనలకు ఒక్కటే, మూడో అంశం, దానికి 0 నుంచి 4. మాత్రతో నిద్ర పట్టి, ఆకలి పెరిగితే మొత్తం 7 మార్కులు తగ్గవచ్చు. అదే కాగితంలో మూడో అంశం 1 నుంచి 3కి పెరిగి ఉండవచ్చు కూడా. మొత్తం తగ్గిందని సంబరపడి ఆ ఒక్క గడి చూడకపోవడం పర్యవేక్షణ లోపం. కాబట్టి మొత్తం అంకె కాదు, ప్రతి విజిట్ స్కోరు షీటు అంశాల వారీగా కావాలని అడగండి. కుదురు లేకపోవడాన్ని డాక్టర్లు అకథీసియా అంటారు. డిప్రెషన్ మందులతో వచ్చే తెలిసిన ఇబ్బందే అది. ఈ మందులతో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో ఇచ్చిన హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వరకు పొడిగించింది. 34 ఏళ్లవాడికి అది వర్తించదని వాదిస్తారు. కానీ ఏ వయసువారినైనా మందు మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు దగ్గరగా గమనించాలని కూడా అందులో ఉంది.

అదే 2019 రూల్స్‌లోని 41వ రూలు 'జబ్బు వల్ల' అన్న జవాబును చాలావరకు మూసేస్తుంది. మందు దుష్ప్రభావం ఒక్కటే కాదు, ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రం) ఉల్లంఘన, డాక్టరు లేదా స్పాన్సర్ నిర్లక్ష్యం కూడా ట్రయల్ హానే. మీ తమ్ముడికి ఉత్తుత్తి మాత్ర, అంటే ప్లసీబో ఇచ్చి ఉన్నా, ప్రోటోకాల్ ప్రకారం అందుబాటులో ఉన్న ప్రామాణిక వైద్యం అందించకపోతే అదీ ఇందులోకే వస్తుంది. చావు గురించి మాట్లాడుతున్నాడని చెప్పాక అదే రోజు డాక్టరు చూడాలా వద్దా అన్నది ప్రోటోకాల్‌లో ఉంటుంది. అది రహస్యమని మీకు ఇవ్వకపోవచ్చు, కానీ ఎథిక్స్ కమిటీ దగ్గర ఉంటుంది. సరిచూడమని వాళ్లనే లిఖితపూర్వకంగా కోరండి.

డబ్బు విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. కోలుకున్న కేసుల్లో పరిహారం లెక్క చిన్నది: ఢిల్లీలో నైపుణ్యం లేని కార్మికుడి రోజు కనీస వేతనానికి రెట్టింపు, ఇంటూ ఆసుపత్రిలో ఉన్న రోజులు. మీకు 12 రోజుల కూలి. అసలు బలం 40వ రూలులో ఉంది. డాక్టరు అవసరమన్నంత కాలం, లేదా ట్రయల్‌కి సంబంధం లేదని తేలేదాకా, ఏది ముందైతే అప్పటిదాకా, స్పాన్సర్ ఉచిత వైద్యం ఇవ్వాలి. 'తేలేదాకా' అన్న మాట మీద నిలబడండి. వాళ్లు అనడం తేలడం కాదు. వేరే ఆసుపత్రికి ఎందుకు వెళ్లారంటారు కనుక అత్యవసరంగా చేరినట్టు కనిపించే డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు దాచండి.

వాట్సాప్ మెసేజే మీ ప్రధాన సాక్ష్యం. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టుకి వెళ్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన, భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. మిగిలిన మాత్రలు వెనక్కి అడుగుతారు. సీసా మీద కిట్ నంబరు ఫొటో తీసి, లెక్కపెట్టి, రసీదు తీసుకుని ఇవ్వండి. సంతకం చేసిన కన్సెంట్ ఫారం, సమాచార పత్రం కాపీ మీకు ఇచ్చి తీరాలి. అందులోనే ఎథిక్స్ కమిటీ చైర్‌పర్సన్ వివరాలుంటాయి. 'జబ్బు కారణంగానే' అన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

అర్జీ తమ్ముడి పేరు మీద, అతని సంతకంతో, తేదీల వారీగా ఒక పేజీలో రాయండి. ఎథిక్స్ కమిటీకి, ట్రయల్ డాక్టరుకి, ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్‌కి ఒకే రోజు స్పీడ్ పోస్టులో పంపండి. పైన సీటీఆర్‌ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు వేయండి, దాన్ని బట్టే ఫైలు దొరుకుతుంది. లాయరు ఫీజు భారమైతే గుంటూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. మానసిక అనారోగ్యం ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం 2017 చట్టం 27వ సెక్షన్ ఇచ్చిన హక్కు.