వాగ్దానం కార్డు తిప్పి పెట్టిన చెల్లెమ్మకి

ప్రశ్న: మాది సింగరాయకొండ దగ్గర పల్లె. మా ఆయన లీజుకి తీసుకున్న రొయ్యల చెరువులు వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు వచ్చి పోయినయ్. మేత డీలరు బాకీ, బయట నోట్ల మీద తెచ్చింది కలిపి పదకొండు లక్షలు తేలింది, అందులో నాలుగు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఆయన మందిరానికి రావడం మానేశాడు, రాత్రిళ్ళు చెరువు కట్ట మీదే కూర్చుంటాడు, మొన్న "నేను లేకపోతే మీరన్నా బాగుంటారు" అని విసుక్కున్నాడు. సంఘంలో ఒకావిడ మీరేదో పాపం దాచిపెట్టారు అంది. డిసెంబర్ 31 రాత్రి మందిరంలో కొత్త ఏడాదికని ఒక్కో బైబిల్ వాక్యం ఇస్తారు కదా, నాకొచ్చిన ఆ వాగ్దానం కార్డులో ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి అని ఉంది, ఫ్రిజ్ మీద అంటించుకున్నా, మొన్న ఏడుపొచ్చి దాన్ని వెనక్కి తిప్పేశా. మందిరంలో నవ్వుతా ఉంటా, ఇంటికొచ్చి ఏడుస్తా. నా విశ్వాసం దొంగదా అక్కా?

జవాబు:

చెల్లెమ్మా, వందనాలు. నువ్వడిగింది సంతోషం గురించి, నాకేమో నీ ఉత్తరం మధ్యలో ఇరికించి రాసిన ఆ ఒక్క మాట దగ్గరే కళ్ళు ఆగిపోయినయ్, నేను లేకపోతే మీరన్నా బాగుంటారు అన్నాడని. విసుక్కున్నాడు అని రాశావు, అయ్యుండొచ్చు, కానీ అప్పుల్లో ఉన్న మనిషి నోట్లోంచి ఆ మాట వస్తే నేను ఉత్తి విసుగు అని వదిలెయ్యను, అందుకని ముందు అది మాట్లాడుకుందాం, బైబిల్ తర్వాత తీద్దాం.

ఈ రాత్రే పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని సూటిగా అడుగు, ఏందయ్యా, చచ్చిపోవాలనిపిస్తా ఉందా నీకు, అని. అడిగితే లేని ఆలోచన పుట్టిద్దేమోనని భయపడబాక, అట్టా జరగదు, అడిగే మనిషి ఒకళ్ళున్నారని తెలిస్తేనే లోపలున్నది బయటికొస్తుంది. అవునన్నా, తలకాయ దించుకుని ఊరుకున్నా సరే ఒంటరిగా వదలబాక. చెరువు షెడ్డులో మందు డబ్బాలు, ఇంట్లో పురుగుమందు ఉంటే ఎవరికన్నా ఇచ్చి తాళం వేయించు. 14416 కి ఫోన్ చెయ్, అది టెలి మానస్ అని గవర్నమెంటుది, పగలైనా రాత్రైనా ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. తెల్లారి ఒంగోలు గవర్నమెంటు పెద్దాసుపత్రికి, అదే రిమ్స్ అంటామే, దానికి తీసుకెళ్ళి సైకియాట్రీ ఓపీలో చూపించు. డాక్టర్ దగ్గరికి పోతే విశ్వాసం లేనట్టే అనేవాళ్ళు తగులుతారు, వాళ్ళకి షుగరొస్తే బిళ్ళ మింగుతారు కదా, దానికీ దీనికీ తేడా ఏందో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఏలీయా సంగతి నీకు తెలుసు, సండే స్కూల్‌లో వినుంటావు. అంత పెద్ద ప్రవక్త చెట్టు కింద పడుకుని, ఇంక చాలు ప్రభువా నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి అవిశ్వాసివి అని తిట్టలేదు, లేపి రొట్టె పెట్టి నీళ్ళు తాపించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మళ్ళీ లేపి తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఇది అన్నాడు. మాటలు తర్వాతెప్పుడో కొండ దగ్గర. నీ మొగుడికి ఇప్పుడు కావాల్సింది కూడా ఆ వరసే, వేళకింత అన్నం, కాస్త నిద్ర, ఆ తర్వాతే ఎవరి మాటైనా.

ఇంక నీ విశ్వాసం దొంగదా అని అడిగావు. నీ కార్డులో ఉన్న వాక్యం ఫిలిప్పీయుల పత్రికలోది, నాలుగో అధ్యాయం నాలుగో వచనం. కార్డులో ఒక్క లైనే పడుతుంది, వాళ్ళ తప్పు కాదు, కానీ ఆ ఉత్తరం మొత్తం ఒక్కసారి కూర్చుని చదువు, నాలుగంటే నాలుగు అధ్యాయాలు, అరగంట కూడా పట్టదు. రాసిన పౌలు సంకెళ్ళలో ఉండి రాశాడు. అదే ఉత్తరం రెండో అధ్యాయంలో తన తోటి పనివాడు ఎపఫ్రొదితుకి జబ్బుచేసి చావుదాకా పోయొచ్చాడనీ, అతను పోయుంటే నాకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదనీ రాసుకున్నాడు. మూడో అధ్యాయంలో కొంతమంది గురించి ఏడుస్తా చెప్తున్నా అన్నాడు. చూశావా, ఆనందించండి అన్న చేత్తోనే ఏడుస్తున్నా అని రాశాడు, రెండూ ఒకే కాగితం మీద ఉన్నయ్! మనమేమో ఏడుపుని ఇంట్లో పెట్టి తాళమేసి, నవ్వుని మాత్రం మందిరానికి తీసుకెళ్తున్నాం, నీకు అలుపు ఆ నటనతో వస్తా ఉంది, విశ్వాసం లేక కాదు. ఇంకోటి, ఏ స్థితిలో ఉన్నా తృప్తిగా ఉండటం నేర్చుకున్నాను అంటాడు పౌలు, నేర్చుకున్నాను అనే మాట చూడు, బాప్తిస్మం నీళ్ళల్లోంచి లేచేసరికి ఒంటికి అంటుకుని వచ్చే రకం కాదది, కుట్టుమిషను నేర్చుకున్నట్టే, దారం తెగుద్ది, మళ్ళీ ఎక్కించాల. ఆ వెంటనే, నా శ్రమలో మీరు పాలు పంచుకున్నారు, మంచి పని చేశారు అని వాళ్ళకి థాంక్స్ చెప్తాడు, ఒక్కడే గదిలో కూర్చుని తెచ్చుకున్న సంతోషం కాదది.

పాపం దాచారు అన్నావిడకి నువ్వు జవాబు చెప్పక్కర్లా. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు మూసుకుని పక్కన కూర్చున్నంతసేపు బానే ఉన్నారు, నువ్వేదో పాపం చేసుంటావని నోరు తెరిచాకే గదా గొడవంతా. వైట్ స్పాట్ వైరస్, అది పాపాత్ముడి చెరువా పరిశుద్ధుడి చెరువా అని చూడదు, పక్క చెరువు నీళ్ళల్లో వస్తుంది, పీతల్లో వస్తుంది, సీడ్‌లోనే, అంటే తెచ్చి వేసే రొయ్య పిల్లల్లోనే వస్తుంది.

మన జిల్లా సంగతి ఒకటి చెప్తా. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగితే ఆగమన్నాడు, కూటి కోసం వచ్చారని రేపు ఎవరూ అనకూడదని. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. అందరూ ఆ 2,222 అంకె చెప్పి చప్పట్లు కొట్టిస్తారు, నాకు మాత్రం దానికి ముందున్న పలుగూ పారా కూలిడబ్బులే గుర్తొస్తాయి. మా నాయనమ్మ వాళ్ళ వైపు ఈ కాలవ కబుర్లు అన్నం తినేప్పుడు చెప్పుకునేవాళ్ళు, బోధ గురించి కాదు, ఎవరికెంత కూలి పడిందీ అని!

అందుకని అప్పు సంగతి కూడా ప్రార్థన సంగతే అనుకో. ఒక తెల్లకాయితం మీద ఎవరికెంత, ఏ తారీకు, వడ్డీ ఎంత అని ఇద్దరూ కూర్చుని రాయండి. నువ్వు నాలుగు లక్షలు మూడు రూపాయల వడ్డీకి అని రాశావు, అంటే నెలకి పన్నెండు వేలు, ఏడాదికి నూటికి ముప్పై ఆరు, ముందు ఆ మంట ఆపే దారి చూడాల. ఎవరికి ఎంత కట్టినా నోటు వెనక చెల్లు రాయించకుండా కట్టబాక. బెదిరిస్తే ఒంగోలు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకి ఆదాయం ఎంతున్నా లాయర్ని ఫ్రీగా ఇస్తారు, 15100 కి ఫోన్ చేసినా దారి చెప్తారు. ఈ టైంలో ఎవరన్నా విశ్వాస కానుక ఇస్తే రెండింతలు తిరిగొస్తాయి అంటే చెవిన పెట్టబాక, చెవుల కమ్మలు అసలే ఇయ్యబాక. లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టే దేవుడు అంగీకరిస్తాడని అదే పౌలు కొరింథీ వాళ్ళకి రాశాడు, పాస్టర్ గారికి కూడా తెలుసది.

నీకోసం రోజుకి పది నిమిషాలు చాలు, గంటల ఉపవాస ప్రార్థనలు ఇప్పుడొద్దు. 88వ కీర్తన తీసి గట్టిగా చదువు, చీకటి అనే మాట దగ్గర ఆగిపోతుంది అది, చివర్లో హల్లెలూయా ఏం లేదు, అయినా బైబిల్లోనే ఉంచారు. చదివి నీ భాషలో, మన యాసలో, ఉన్నది ఉన్నట్టు చెప్పుకో, తిట్టాలనిపిస్తే తిట్టు, ఆయన వింటాడు. తర్వాత మనసుకి దగ్గరైన ఒక్క మనిషిని వెతుక్కో, పాస్టరమ్మ కావచ్చు, డ్వాక్రా గ్రూపులో స్నేహితురాలు కావచ్చు, సలహా ఇవ్వకుండా కూర్చునే మనిషైతే చాలు.

ఆదివారం సాక్ష్యం చెప్పమ్మా అని మైక్ చేతికిస్తే, ఈ వారం సాక్ష్యం లేదండీ, ప్రార్థన విన్నపమే ఉంది, అని ఆ ఒక్క మాట చెప్పి కూర్చో. కార్డు తిప్పి పెట్టినందుకు బాధపడబాక, అది అట్టానే ఉండనీ, ఎప్పుడు తిప్పాలనిపిస్తే అప్పుడు తిప్పుకుందువు. ఈ రాత్రి ఆయన ఏమన్నాడో మాత్రం రేపు పొద్దున్నే నాకు రాయి.