రెవిట్ మోడల్ సముద్రంలో పడుతోందా? ఇలా చూడండి

అన్నా, హనుమకొండ నాలా బ్రిడ్జి రెవిట్ (కట్టడాల 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడల్‌ను మ్యాప్‌లోకి తెస్తే హిందూ మహాసముద్రంలో కనిపిస్తోందని రాశారు కదా. టెన్షన్ వద్దు, ఫైలు పాడవలేదు. అసలు స్థానం ఇవ్వకపోతే మోడల్ సున్నా, సున్నా దగ్గర పడుతుంది. వరంగల్ వచ్చే యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లో సున్నా, సున్నా అంటే భూమధ్యరేఖ మీద సముద్రమే.

అలాగని సర్వే వాళ్లిచ్చిన ఈస్టింగ్, నార్తింగ్ (తూర్పుకు, ఉత్తరానికి ఎన్ని మీటర్లో చెప్పే) అంకెల దగ్గరికి మోడల్‌ను లాక్కెళ్లకండి. రెవిట్ సొంత మూలబిందువు (ఇంటర్నల్ ఆరిజిన్) నుంచి 16 కిలోమీటర్లు దాటితే రెవిట్‌లో కొలతలు నమ్మలేం. మోడల్ ఉన్నచోటే ఉంచి, 'స్పెసిఫై కోఆర్డినేట్స్ ఎట్ పాయింట్'లో ఆ విలువలు ఇవ్వండి. అక్కడ అడిగే కోణం గ్రిడ్ ఉత్తరానికి (మ్యాప్ గీతలు చూపే ఉత్తరానికి) ఇవ్వాలి. మన దగ్గర నిజ ఉత్తరంతో దానికి దాదాపు అర డిగ్రీ తేడా. మ్యాప్‌లోకి తేవడానికి ఐఎఫ్‌సీ 4 (వేరే సాఫ్ట్‌వేర్లు కూడా చదవగల మోడల్ ఫైలు రకం)లోనే ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఆ తర్వాత బ్రిడ్జి గాల్లో తేలితే అది ఎత్తుల గొడవ. డ్రోన్ సర్వే ఎత్తు తరచూ ఎలిప్సాయిడ్‌ (జీపీఎస్ వాడే, లెక్కతో గీసిన నున్నటి భూమి ఆకారం)ది, డ్రాయింగ్‌లోది సముద్రమట్టానిది. ఇక్కడ ఈ రెంటి తేడా 70 మీటర్ల పైనే! జియాయిడ్ సవరణ (ఎలిప్సాయిడ్ ఎత్తును సముద్రమట్టం ఎత్తుగా మార్చడం) చేశారా అని సర్వేయర్‌ని అడగండి.

ఇంకో సంగతి, నేల మీది పొడవు ఇక్కడ యూటీఎం గ్రిడ్ మీద కిలోమీటరుకు 10 సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది. నాలా బ్రిడ్జికి వదిలేయొచ్చు, రింగురోడ్డుకైతే స్కేల్ ఫ్యాక్టర్ (ఆ తేడాను సరిచేసే గుణకం) పెట్టాల్సిందే.