ఆర్కెస్ట్రా వయొలిన్, జాజ్... రెండూ కుదురుతాయా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. యూత్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తోంది. ఆర్కెస్ట్రా ఉద్యోగంతో పాటు జాజ్, పాప్, సినిమా రికార్డింగులూ చేస్తానంటోంది. రెండు పడవల మీద కాళ్లు పెడితే చెయ్యి పాడవుతుందని వాళ్ల మాస్టారు అంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: మాస్టారి మాటలో సగం నిజం ఉందమ్మా. శ్రుతి ఇంకా నిలవని చేతికి నాలుగు శైలులు తగిలిస్తే ఏదీ పట్టుబడదు. శ్రుతి, కమాను (వయొలిన్ తీగలను మీటే పుల్ల) అదుపులోకి వచ్చాక మాత్రం ఆ భయం అక్కర్లేదు. ఫ్రెంచ్ వయొలిన్ విద్వాంసుడు ఝాన్-లుక్ పాంటీ 1960లో పారిస్ కన్సర్వేటరీలో ప్రథమ బహుమతి అందుకుని, లామురో ఆర్కెస్ట్రాలో మూడేళ్లు వాయించాడు. ఆ రోజుల్లోనే జాజ్ రుచి మరిగి, తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రాలో చేరాడు. పేరుకే అది ఆర్కెస్ట్రా, నిజానికి జాజ్, రాక్ కలిపి వాయించే ఫ్యూజన్ బ్యాండు!

ఆర్కెస్ట్రా ఆడిషన్లకు చాలాచోట్ల, కనీసం మొదటి రౌండులో, వాయించేది ఎవరో జడ్జీలకు కనిపించకుండా తెర కడతారు. బూట్ల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చుకోకుండా కొన్నిచోట్ల తివాచీ కూడా పరుస్తారు. మొజార్ట్ కన్చెర్టో (సోలో వయొలిన్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) ఒకటి, స్ట్రాస్ ఆర్కెస్ట్రా రచన ‘డాన్ హువాన్’ మొదటి పేజీ, షూమన్ రెండో సింఫనీలోని స్కెర్ట్సో అనే వేగమైన భాగం తరచూ అడుగుతారు. కొన్ని నిమిషాల్లోనే తేలిపోతుంది. లయ తూలితే తెర వెనక నుంచి ‘థాంక్యూ’ వినిపిస్తుంది, అంతే. ఒక్క ఖాళీకి పోటీ విపరీతం కాబట్టి పర్మనెంట్ ఉద్యోగం ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

చాలామందికి పిలిచినప్పుడు వెళ్లే కచేరీలు, రికార్డింగులు, మ్యూజికల్ నాటకాలు, పాఠాలు అన్నీ కలిస్తేనే నెల గడుస్తుంది. మీ అమ్మాయి ఆశ పనికొచ్చేది ఇక్కడే. స్టూడియోలో నోటేషన్ చాలాసార్లు అప్పటికప్పుడే చేతికొస్తుంది. ఒక చెవిలో తాళం చూపే క్లిక్ ట్రాక్ టిక్కుటిక్కుమంటుంటే, రెండో చెవితో పక్కవాళ్ల శ్రుతి వింటూ ఒకటి రెండు టేకుల్లో ముగించాలి. నోటేషన్ చూడగానే వాయించడం (సైట్ రీడింగ్) రానివాళ్లకు రెండోసారి పిలుపు రాదు.

జాజ్‌లో అసలు కష్టం కమానుతోనే. దానికి తోడు అలవాటైన వైబ్రాటో (స్వరాన్ని వేలితో వణికించడం) తగ్గించాలి, ఆఫ్‌బీట్ మీద, అంటే తాళం దెబ్బల మధ్య ఒత్తు పడాలి, కాగితం లేకుండా విని పట్టుకోవాలి. అమెరికన్ ఫిడేలు వాద్యకారుడు రిచర్డ్ గ్రీన్ మొదలుపెట్టిన ‘చాప్’ సంగతి కూడా జాజ్ నేర్పేవాళ్లను అడిగి చూడండి. కమాను పట్టు దగ్గరి భాగంతో తీగలను కొట్టి డ్రమ్ములా పలికించడం అది. ఫోక్, పాప్ బృందాల్లో బాగా వాడతారు.

డిగ్రీ క్లాసికల్ పెర్ఫార్మెన్స్‌లోనే చేయించండి. ఇంప్రొవైజేషన్ (అప్పటికప్పుడు అల్లి వాయించడం) తరగతులున్న కాలేజీ అయితే మేలు. కాలేజీ పేరుకన్నా టీచర్ ముఖ్యం కనుక, దరఖాస్తుకు ముందే ఆ టీచర్ దగ్గర ఒక ట్రయల్ పాఠం అడగండి. ఇప్పటికైతే రోజూ సాధన చివర్లో కాసేపు పుస్తకం మూసి, ఒక జాజ్ సోలోను విని వాయించమనండి. ఆడిషన్ దగ్గరపడ్డాక మాత్రం అదీ ఆపాలి. జాజ్ నేర్పేవాళ్లను వెతికితే ఆ సంగతి మాస్టారికి దాచకుండా చెప్పండి.